మొహం కాదు, కాగితం చూడు

మా ఆయన్ని అందరూ ఉప్పు మాస్టారంటారు. ఆ పేరు పెట్టింది బళ్ళో పిల్లలు. ఏ తరగతికి వెళ్ళినా మొదటిరోజు జేబులోంచి ఉప్పు పొట్లం తీసి బల్ల మీద పెట్టి, "ఇదేంటో చెప్పండి" అనేవారట. పిల్లలు "ఉప్పు!" అని అరవగానే, "నీకెలా తెలుసు? పంచదారేమో! సుద్దపొడేమో!" అని మొదలెట్టేవారు. గంట కొట్టేసరికి ఆ పిల్లలకి ఇంట్లో ఉన్న ఉప్పు కూడా ఉప్పేనా అని అనుమానం పట్టుకునేది. పెళ్ళయిన కొత్తలో నా దగ్గర కూడా అదే వేషం వేయబోయారు. "కూరలో వేస్తే అదే తెలుస్తుంది, ఇటివ్వండి" అని పొట్లం లాక్కున్నాను. ఈ మనిషి తన పాఠానికి లొంగదని ఆ రోజే ఆయనకి అర్థమై ఉండాలి.

రిటైరయ్యాక ఈయన పొద్దస్తమానం ఇంట్లో ఉంటే నా గతేంటా అని భయపడ్డాను. అంతలోనే కింద అంతస్తులో ఉండే దర్జీ ఏడుపు మొహం పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఎవరిదో తెల్లచొక్కా. కుట్టడం పూర్తయి ఇచ్చేయాల్సిన చొక్కా. అన్నం తింటూ దాని మీద కూర ఒలకబోసుకున్నాడు. గుట్టు చప్పుడు కాకుండా సబ్బు పెట్టి రుద్దితే, పసుపు మరక కాస్తా ఎర్రగా తేలింది.

"సబ్బు పెడితే మరక పోవాలి గానీ రంగు మారడమేంటి మాస్టారూ? ఈ చొక్కాకి నా మీద పగ!" అన్నాడు.

అప్పుడు ఆయన మొహం చూడాలి. దర్జీ కొంప మునుగుతుంటే ఈయనకి పండగలా ఉంది. "నిమ్మకాయ తే!" అని నాకో కేక. మరక మీద నిమ్మరసం పిండితే ఎరుపు పోయి మళ్ళీ పసుపొచ్చింది. సబ్బు రాస్తే ఎరుపు. నిమ్మరసం పిండితే పసుపు. వాళ్ళిద్దరూ అలా ఆడుకుంటూనే ఉన్నారు, నా నిమ్మకాయలన్నీ అయిపోయాయి. దర్జీకి చొక్కా సంగతే గుర్తులేదు.

"పసుపుకి పులుపు తగిలితే ఉన్నట్టే ఉంటుంది. సబ్బూ సోడా లాంటివి తగిలితే సిగ్గుపడి ఎర్రబడుతుంది. అంతే!" అన్నారు ఈయన. "ఎందుకు సిగ్గుపడుతుందో తెలుసుకోవాలంటే ఆదివారం రా. చొక్కా మాత్రం ఎండలో ఆరెయ్. పసుపు ఎండకి ఆగలేదు."

మరక పోయింది. ఆదివారం దర్జీ ఒంటరిగా రాలేదు, బస్సు డ్రైవర్ని వెంటేసుకొచ్చాడు. ఆ పై వారం డ్రైవరు రోజూ తన బస్సెక్కే బేకరీ ఆవిడని తీసుకొచ్చాడు. ఇంకా ఎవరెవరో వచ్చారు, పోయారు గానీ ఈ ముగ్గురు మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. ముగ్గురూ చదువుకునే రోజుల్లో రసాయన శాస్త్రం అంటే పారిపోయినవాళ్ళే. "నాకు ఆ బాణం గుర్తులూ, కింద పెట్టే చిన్న చిన్న అంకెలూ చూస్తే జ్వరమొచ్చేది" అనేది బేకరీ ఆవిడ. ఈయన ఒక్క బాణం గియ్యలేదు, ఒక్క అంకె వెయ్యలేదు. వంటింట్లో ఉన్న వస్తువులే పాఠాలు. అంటే నా వస్తువులే. ఆదివారం పదింటికి నా గ్లాసులు, గరిటెలు, గుడ్లు, వెనిగర్ సీసా అన్నీ ముందు గదిలోకి మాయమయ్యేవి. గుడ్డుని వెనిగర్లో నానబెట్టి, పైపెంకు కరిగిపోయాక రబ్బరు బంతిలా చేత్తో పట్టుకుని చూపించారు ఓసారి. ఇంకోసారి సీసాలో వెనిగర్ పోసి, బెలూన్లో వంటసోడా నింపి, బెలూన్ని సీసా మూతికి తొడిగి సోడాని లోపలికి దులిపారు. బెలూన్ దానంతటదే ఉబ్బింది.

బేకరీ ఆవిడ నోరు తెరిచి చూసింది. "అయితే ఇన్నాళ్ళూ నేను కేకులో గాలి పెట్టి అమ్ముతున్నానన్నమాట!" అంది. ఆ నవ్వులు వీధి చివరిదాకా వినబడి ఉంటాయి.

ఆయన పాఠానికి ఓ పద్ధతుండేది. ముందు ఊహించాలి. తర్వాత చూడాలి. చూసిందే చెప్పాలి, చూడాల్సింది కాదు. ఊహ తప్పితే ఎవరూ నవ్వకూడదు. కానీ చూడనిది చూశానంటే మాత్రం ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. "ఏం రంగు?" అని అడిగితే మనుషులు కాగితం చూడరట, పక్కవాడి మొహం చూస్తారట, లేదా మాస్టారి మొహం చూస్తారట. అందుకే ఆయన పసుపు పట్టించి ఆరబెట్టిన కాగితాన్ని సోడా నీళ్ళ గ్లాసులో ముంచి, బల్ల మీద పెట్టి, వెంటనే గోడవైపు తిరిగి నిలబడేవారు. వీపు మాత్రమే మనకి. "మొహం కాదు, కాగితం చూడు! ఇప్పుడు చెప్పు" అనేవారు గోడతో మాట్లాడుతున్నట్టు.

ఓ ఆదివారం అందరూ "ఎరుపు, ఎరుపు" అంటుంటే డ్రైవరు నసిగాడు. "ఏమో మాస్టారూ, తప్పయితే క్షమించండి. నాకు అంచుల్లో గోధుమరంగు కనిపిస్తోంది" అన్నాడు. ఈయన గిరుక్కున తిరిగారు. నిజంగానే ఆ కాగితం అంచులు ఆరి గోధుమరంగులోకి దిగాయి. "చూశాడు! వీడు చూశాడు!" అని డ్రైవర్ని కౌగిలించుకున్నారు. సొంత అల్లుణ్ణి కూడా అలా కౌగిలించుకోలేదు ఆయన. ఆ రోజునుంచి డ్రైవరు ఏమన్నా ఆయనకి వేదవాక్కు.

నాకూ ఓ కుర్చీ వేసేవారు, వంటింటి గుమ్మం పక్కన. ప్రతి ఆదివారం వేసేవారు. నేను ప్రతి ఆదివారం దాని మీద ఉతకాల్సిన బట్టల బుట్ట పెట్టేదాన్ని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచారు గానీ ఇంట్లో నా దగ్గర ఆటలు సాగలేదు. నా దండెం మీద పసుపు కాగితాలు ఆరేస్తే తిట్టేదాన్ని, గ్లాసులు మరకలైతే తిట్టేదాన్ని. "ఒక్కసారి కూర్చోవోయ్, నచ్చకపోతే లేచిపో" అనేవారు. "నాకు తెలిసిన రసాయనం చాలు, మీకు మూడు పూటలా పెడుతున్నాను కదా" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

జబ్బు ఎప్పుడు మొదలైందో తెలీదు. నాకు తెలిసింది మాత్రం పసుపు, సబ్బు పాఠం మళ్ళీ మొదలెట్టినప్పుడు. ఎప్పుడో చెప్పిన మొట్టమొదటి పాఠం, దర్జీ చొక్కా కథతో సహా. ఆ చొక్కా దర్జీ అక్కడే కూర్చుని ఉన్నాడు! సరే, మళ్ళీ గుర్తు చేస్తున్నారేమో అనుకున్నాం. పై వారం మళ్ళీ అదే. ఆ పై వారమూ అదే. పాపం ఆ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొత్తగా వచ్చినవాళ్ళలా ఊహించడం మొదలెట్టారు. "ఆకుపచ్చగా అవుతుందేమో మాస్టారూ!" అని బేకరీ ఆవిడ కావాలని తప్పు చెప్పేది. ఈయన చిన్నపిల్లాడిలా సంబరపడి, "చూద్దాం, చూద్దాం!" అనేవారు. నేను వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఉల్లిపాయలు కోస్తున్నాననుకునేవారేమో అందరూ.

డాక్టరు ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. మనకి అర్థమయ్యేలా చెప్పమంటే, "జ్ఞాపకాలు ఒక్కొక్కటే పోతాయమ్మా. కొత్తవి ముందు పోతాయి, పాతవి ఆఖర్న" అన్నాడు. మా అమ్మాయి ఆస్పత్రి వరండాలో ఏడ్చింది. ఈయన మాత్రం, "పాఠాలు పాతవే కదా, ఫర్వాలేదు" అన్నారు. నాకు గుండె చిక్కబట్టుకోవడానికి ఆ మాటే దొరికింది. ఆదివారాలు ఉన్నంతకాలం ఈయన ఉంటారు అనుకున్నాను.

ఆ ధైర్యం కూడా ఒక ఆదివారమే పోయింది. రంగు బట్ట రంగెలా పోతుందో చూపిస్తానని, గ్లాసులో బట్టలకి వాడే బ్లీచింగ్ నీళ్ళు పోశారు. కాసిని మామూలు నీళ్ళు కలపాలని లోపలికెళ్ళి, బాత్రూం కడిగే యాసిడ్ సీసా పట్టుకొచ్చారు. ఆ రెండింటి గురించి ప్రతి కొత్తవాడికీ ఆయన మొదట చెప్పే మాట ఒకటుంది. "ఇవి రెండూ అత్తాకోడళ్ళు. దేనికదే మంచిది. ఒక గిన్నెలో పెట్టారో, ఇల్లు తగలబడుతుంది." అలాంటి మనిషి నవ్వుతూ, కబుర్లు చెబుతూ, యాసిడ్ ఆ గ్లాసులో పోశారు.

పచ్చటి పొగ. ముక్కులో కారం కొట్టినట్టు ఘాటు. డ్రైవరు ఒక్క ఉదుటున లేచి ఈయన్ని ఎత్తుకుని మెట్లమీదకి పరిగెత్తాడు. దర్జీ కిటికీలు తెరిచాడు. బేకరీ ఆవిడ మెట్లమీద కూలబడి దగ్గుతూనే ఉంది, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. ఈయనకి ఏమీ అర్థం కాలేదు. "ఏమైంది? ఎవరు చేశారీ పని?" అని అడుగుతున్నారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రానికి మా అమ్మాయి వచ్చి పెద్ద గొడవ చేసింది. "క్లాసు ఆపేయ్ అమ్మా. ఇంకోసారి ఇలాగైతే ఎవరిది బాధ్యత?"

"ఆపితే ఆయనకి ఏం మిగులుతుందే? వారమంతా ఆదివారం ఎప్పుడని అడుగుతూ బతుకుతున్నారు."

"ప్రాణం మిగులుతుంది."

"దాన్నే ప్రాణమంటావా?" అని కసిరాను. నా నోరు మంచిది కాదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కానీ నేను అన్నది తప్పు కాదు. ఇవాళ అడిగినా అదే అంటాను.

అందుకని నాకు తోచిన ఉపాయం నేను చేశాను. ముందు బాత్రూంలో ఉన్నవన్నీ పక్కింటికి పంపించేశాను. తర్వాత ఆయన అలమర తెరిచాను. వరసగా సీసాలు, వాటి మీద ఆయన గుండ్రటి అక్షరాలతో చీటీలు. ఏది కాలుస్తుందో, ఏది కాల్చదో నాకేం తెలుసు? ఇన్నేళ్ళు గుమ్మం పక్క కుర్చీలో ఒక్క పూట కూర్చుని ఉంటే తెలిసేది. పోనీ డ్రైవర్నడిగినా, "బట్టల సోడా నీళ్ళు ఉంచెయ్యండమ్మా, వాటితో ఏ ప్రమాదం లేదు, మాస్టారి పాఠం సాగిపోతుంది" అని చెప్పేవాడు. వాడినడగడం నాకు నామోషీ. అన్నీ ఒంపేసి, కడిగి, అన్ని సీసాల్లోనూ కుళాయి నీళ్ళు పట్టి, ఎక్కడివక్కడ సర్దేశాను. చీటీలు మాత్రం తడవకుండా చూసుకున్నాను. ఆయన రాత కదా.

ఆదివారం ఆ ముగ్గుర్నీ మెట్లమీదే ఆపాను. "సీసాల్లో ఉన్నవి ఉత్త నీళ్ళు. కాబట్టి ఏదీ ఏమీ అవదు. కానీ మీరు అయిందనాలి. ఎరుపవుతుందని ఆయనంటే ఎరుపైందనండి. తెలిసిందా?"

దర్జీ, బేకరీ ఆవిడ తలూపారు. ఇదివరకూ తప్పు ఊహలు ఊహించినవాళ్ళే కదా. డ్రైవరు మాత్రం మెట్టు మీద అలాగే నిలబడిపోయాడు.

"ఊహ వేరమ్మా. చూసింది చెప్పమంటారు ఆయన. దాంట్లో అబద్ధం..."

"ఆహా, హరిశ్చంద్రుడు దిగొచ్చాడు! నీ సత్యం కోసం ఆయన గుండె పగలాలా? అంత కష్టమైతే నీ బస్సు నడుపుకో ఫో" అన్నాను. వాడు తల దించుకుని లోపలికొచ్చాడు.

ఆ రోజు ఈయన ఎంతో హుషారుగా ఉన్నారు. గడ్డం గీసుకున్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మళ్ళీ అదే పాఠం. దర్జీ చొక్కా కథ చెప్పి అందర్నీ నవ్వించారు. బట్టల సోడా నీళ్ళు అని చీటీ ఉన్న సీసాలోంచి గ్లాసులోకి వంపారు. అందరి చేతా ఊహలు చెప్పించారు. పసుపు కాగితం ముంచి తీసి, తెల్ల పళ్ళెంలో పెట్టి, గోడవైపు తిరిగారు.

"మొహం కాదు, కాగితం చూడు. ఏం రంగు?"

"ఎరుపు మాస్టారూ" అంది బేకరీ ఆవిడ.

"ఎరుపే" అన్నాడు దర్జీ.

డ్రైవరు కాగితం చూశాడు. నావైపు చూశాడు. నేను వంటింటి గుమ్మంలోంచి కళ్ళురిమాను. గోడవైపు తిరిగి ఉన్న ఈయన, "ఏరా, నువ్వు చూసింది చెప్పవేం?" అన్నారు. ఆ గొంతులో ఎంత ప్రేమో.

"ఎరుపే మాస్టారూ. బాగా ఎరుపు" అన్నాడు డ్రైవరు.

ఈయన వెనక్కి తిరిగారు, మొహం నిండా నవ్వుతో. పళ్ళెంలోకి చూశారు. కాగితం నీళ్ళలో తడిసి, పసుపుగానే ఉంది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. కాగితాన్ని వేళ్ళతో తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. వెలుతురులో అటూ ఇటూ తిప్పారు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నేను అప్పుడైనా అరవాల్సింది. నోరు పెద్దదానినని పేరే గానీ, కావలసినప్పుడు పెగల్లేదు.

ఈయన ఆ ముగ్గురి మొహాలు చూశారు. ఒక్కొక్కటే, మెల్లగా. ఆఖర్న డ్రైవర్ది. వీడు చూశాడు అని తను కౌగిలించుకున్న మనిషి మొహం.

"అవునవును. ఎరుపే" అన్నారు.

పెళ్ళయినప్పట్నుంచీ నేను ఆయన నోట విన్న మొదటి అబద్ధం అదే.

కాగితాన్ని పళ్ళెంలో పెట్టి, గ్లాసులోని నీళ్ళు తీసుకెళ్ళి తొట్టిలో పారబోశారు. సీసాకి మూత పెట్టారు. "ఇక చాలు. మీరందరూ నేర్చుకున్నారు. నాకు కళ్ళు సరిగ్గా లేవు. కళ్ళు నమ్మలేనివాడు ఈ పాఠం చెప్పకూడదు" అన్నారు. కోపంగా కాదు, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత మామూలుగా. బేకరీ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని మెట్లు దిగింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే అయింది. జ్ఞాపకాలు పోతున్నాయని డాక్టరు చెప్పాడు. కానీ ఆ రోజుదాకా ఆయనకి ఒకటి మిగిలే ఉంది. కళ్ళముందున్నదాన్ని చూసి, ఇదీ అని చెప్పగల ధైర్యం. రోగం ఇంకా ముట్టుకోని దాన్ని మేం నలుగురం కలిసి తీసేశాం, ప్రేమతో.

మర్నాటినుంచీ మొదలైంది. "ఈ చొక్కా నీలమేనా?" "ఇది పాలేనా, మజ్జిగా?" "బయట వాన పడుతోందా, నాకలా కనిపిస్తోందా?" ఎంత చిన్నదానికైనా ముందు నా మొహం చూడటం. అమ్మాయి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఈయన తల అడ్డంగా ఊపి, "ఆయన మంచివాడు" అన్నారు.

ఇక నావల్ల కాలేదు. ఓ పొద్దున్న కాఫీ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. సీసాలు ఒంపేసింది నేనే. నీళ్ళు పోసింది నేనే. కాగితం పసుపుగానే ఉంది, మీరు చూసిందే నిజం. తిడతారనుకున్నాను. తిడితే బావుండేది.

ఈయన నిదానంగా విన్నారు. "నువ్వు పోసి ఉంటావు. పోయగలవు" అన్నారు, కాస్త నవ్వి. "కానీ వాళ్ళు ఎరుపన్నారు కదోయ్. డ్రైవరు కూడా అన్నాడు. వాడు చూడనిది చెప్పడు."

"నేనే చెప్పమన్నానండీ!"

"పాపం, నన్ను ఓదార్చడానికి ఎంత కథ అల్లావు" అని నా చెయ్యి నిమిరారు.

అంతకంటే పెద్ద దెబ్బ నన్నెవరూ కొట్టలేదు. డ్రైవర్ని పిలిపించాను. వాడు వచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "అబద్ధం చెప్పాను మాస్టారూ. కాగితం పసుపు. నేను చూసింది పసుపు. నా కళ్ళారా చూశాను" అన్నాడు. ఈయన వాడి తల నిమిరి, "నీకు నా మీద ఎంత అభిమానం రా. కానీ నా కోసం అబద్ధాలు నేర్చుకోకు. అందరూ ఎరుపన్నా గోధుమరంగు అన్నవాడివి నువ్వు" అన్నారు. వాడు నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంటుంది. అబద్ధం చెప్పిన రోజు నమ్మారు. నిజం చెప్పిన రోజు అబద్ధమన్నారు. దానికి విరుగుడు ఏ సీసాలో ఉంది?

అయినా సాయంత్రానికల్లా డ్రైవరు వచ్చిన సంగతే ఆయనకి గుర్తులేదు. నేను చెప్పిందీ గుర్తులేదు. కళ్ళు నమ్మకూడదన్నది మాత్రం గుర్తుంది. ఏవి పోవాలో ఏవి ఉండాలో ఆ జబ్బుకి ఎవరు చెప్పారో!

నేను కూడా మొండిదాన్నే. చెబితే నమ్మకపోతే చూపిస్తాను అనుకున్నాను. డ్రైవర్ని కూర్చోబెట్టుకుని అన్నీ నేర్చుకున్నాను, నామోషీ గాలికొదిలేసి. స్పిరిట్‌లో పసుపు కలపడం, తెల్ల కాగితాలు ముంచి దండెం మీద ఆరేయడం, సన్నగా కత్తిరించడం, బట్టల సోడా నీళ్ళలో కలిపి తేరుకోనివ్వడం. మొదటిసారి నా చేతిలో కాగితం ఎర్రబడినప్పుడు, "అమ్మో!" అని కేక పెట్టాను. ఇంత అందమైన పని నా వంటింటికి నాలుగడుగుల అవతల ఇన్నాళ్ళూ జరిగింది. నేను బట్టల బుట్ట పెట్టుకుని కూర్చున్నాను. గుమ్మం పక్క కుర్చీ ఇప్పుడు ఆయన ఎదురుగా వేసుకుంటాను.

రోజూ పొద్దున్నే పాఠం. పాఠం చెప్పేది నేను, నేర్చుకోవాల్సిన దాన్నీ నేనే. ముందు ఆయన చేత ఊహ చెప్పిస్తాను. ఊహలు బాగానే చెబుతారు, ఒక్కోసారి ఆ పాత తుంటరితనం కూడా తొంగి చూస్తుంది. కాగితం ముంచి పళ్ళెంలో పెడతాను. గుమ్మడిపువ్వు లాంటి పసుపు చూస్తుండగానే ఎర్రబడుతుంది.

"ఏం రంగు?" అంటాను.

ఈయన కాగితం చూస్తారు. పెదవులు కదులుతాయి. ఆ మాట అక్కడిదాకా వస్తుంది, నాకు కనబడుతూనే ఉంటుంది. అంతలో తలెత్తి నా మొహం చూస్తారు. నేను రాయిలా కూర్చున్నా సరే, నా మొహంలో ఏదో ఒకటి వెతుక్కుని, "ఎరుపు" అంటారు. అది కాగితంలోంచి వచ్చిన ఎరుపు కాదు, నాలోంచి తీసుకున్నది. ఆ తేడా నాకు తెలుసు. ఆయనే నేర్పారు.

నిన్న పొద్దున్న ఇక పంతం పట్టాను. కాగితం ముంచి పళ్ళెంలో పెట్టి, లేచి, ఆయనలాగే గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"మొహం కాదు, కాగితం చూడండి" అన్నాను. "మీకేం కనబడితే అదే చెప్పండి. నేను తిరగను. ఎంతసేపైనా సరే."

గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు చూస్తూ నిలబడ్డాను. ఇక్కడ నిలబడి ఈయన ఎన్ని ఆదివారాలు నవ్వుకుని ఉంటారో అనుకున్నాను. ఒక్కసారి, నా మొహం చూడకుండా ఒక్కసారి చెప్పండి, ఇంకేమీ అడగను అనుకున్నాను. భుజాలు కదలకుండా బిగబట్టుకున్నాను గానీ, కళ్ళు నా మాట వినలేదు.

కుర్చీ కిర్రుమంది. మెల్లగా అడుగుల చప్పుడు. ఈయన బల్ల చుట్టూ తిరిగి, నాకూ గోడకీ మధ్య సందులోకి దూరి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. చేతిలో తడి కాగితం పట్టుకుని ఉన్నారు. దానివైపు చూడలేదు. నా మొహం అంతా వెతికారు, చెంపల మీద నీళ్ళు చూసి కంగారు పడిపోయారు.

"ఏడవకు, ఏడవకోయ్" అన్నారు. "ఏ రంగు అనాలో నువ్వు చెప్పు. అదే అంటాను."

కాగితం ఎర్రగా ఉంది.